పాత లారీలలో ఆల్టర్నేటరు, ఛార్జింగు వైరింగు మార్పిడి

ఆల్టర్నేటరు అనగా ఇంజను నుండి బెల్టు ద్వారా శక్తిని తీసుకొని విద్యుత్తుగా మార్చే యంత్రము. ఇది బ్యాటరీని ఛార్జి చేయుటతో పాటు దీపాలు, వైపర్లు, హారను మొదలైన వాటికి విద్యుత్తును అందిస్తుంది. పాత లారీకి అదనపు ఉపకరణాలు చేరినప్పుడు, మొదట ఉన్న ఆల్టర్నేటరు స్థానములో ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటరును అమర్చుట వాడుకలో ఉన్నది. అయితే యంత్రమును మాత్రమే మార్చి పాత తీగలను అలాగే ఉంచినచో బ్యాటరీ పూర్తిగా ఛార్జి కాదు. పైగా తీగలు వేడెక్కి మంటలు లేచే ప్రమాదము ఉన్నది. కావున ఆల్టర్నేటరు, తీగలు, ఫ్యూజు, ఎర్త్, బెల్టు ఈ ఐదింటిని ఒకే పనిగా భావించి మార్చవలెను.

చరిత్ర

విద్యుదయస్కాంత ప్రేరణను మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. డైనమో, ఆల్టర్నేటరు రెండూ ఈ సూత్రముపైనే పనిచేస్తాయి. మోటారు వాహనాలలో చాలా కాలము డైనమోనే వాడేవారు. హైదరాబాదులో నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా విభాగము 1932లో 27 బస్సులతో ప్రారంభమైనది. ఆ కాలపు వాహనాలన్నీ డైనమోల యుగమునకు చెందినవే. ఆ విభాగపు వారసత్వమును కొనసాగిస్తున్న తెలంగాణ ఆర్టీసీ ప్రధాన కార్యాలయము బస్ భవన్, గాంధీనగర్‌కు సమీపమున ముషీరాబాదులో ఉన్నది.

డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. చౌకైన సిలికాన్ డయోడులు వచ్చిన తరువాత ఆల్టర్నేటరు దాని స్థానమును ఆక్రమించినది. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 నాటి వాలియంట్ కారులో దీనిని సాధారణ భాగముగా అమర్చినది. భారతదేశములో టాటా లారీల ఉత్పత్తి 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలైనది. వాహనాల విద్యుత్ పరికరాలను తయారుచేసే లూకాస్ టీవీఎస్ సంస్థ 1961లో మద్రాసులో ఏర్పడినది.

పనిచేయు విధానము

ఆల్టర్నేటరులో తిరుగు భాగమును రోటరు అనీ, నిలకడగా ఉండు భాగమును స్టేటరు అనీ అంటారు. కార్బన్ బ్రష్షుల ద్వారా రోటరు చుట్టకు కొద్దిపాటి కరెంటు చేరి దానిని అయస్కాంతముగా మారుస్తుంది. అది తిరిగినప్పుడు స్టేటరులో మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. డయోడులు దీనిని బ్యాటరీకి అవసరమైన ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. రెగ్యులేటరు రోటరుకు వెళ్ళే కరెంటును హెచ్చించి, తగ్గించి వోల్టేజీని అదుపులో ఉంచుతుంది.

పెద్ద లారీలలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టుల వ్యవస్థను ఏర్పరుస్తారు. టాటా 407 వంటి చిన్న వాహనాలలో ఒకే 12 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. కొత్తది కొనేముందు ఈ సంగతి నిర్ధారించుకొనవలెను.

ఎంత పెద్దది అవసరము?

రాత్రి వేళ ఒకేసారి పనిచేసే ఉపకరణాల వాట్లను కూడి, ఆ మొత్తమును ఛార్జింగు వోల్టేజీతో భాగించవలెను. ఉదాహరణకు 24 వోల్టుల లారీలో హెడ్‌లైట్లు, వెనుక దీపాలు, వైపరు, ఫ్యాను కలిసి 350 వాట్లు అనుకొందము. దానిని 28తో భాగించగా 12.5 ఆంపియర్లు వచ్చును. ఇందుకు 35 ఆంపియర్ల యంత్రము చాలును. ఫాగ్ లైట్లు, ఇన్వర్టరు, శీతల పెట్టె, ఏసీ బ్లోయరు వంటివి చేరినకొద్దీ లెక్క మారుతుంది. మొత్తమునకు నాలుగో వంతు అదనముగా కలుపుకొని, ఆపైన ఖాళీ అయిన బ్యాటరీని తిరిగి నింపుటకు కావలసిన కరెంటును కూడా చూడవలెను. ఆల్టర్నేటరుపై వ్రాసిన ఆంపియర్లు అధిక వేగములో మాత్రమే లభిస్తాయి. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు అంతకన్నా చాలా తక్కువ వచ్చును.

తీగ మందము

ఒక చదరపు మిల్లీమీటరు మందము, ఒక మీటరు పొడవు గల రాగి తీగ నిరోధము సుమారు 0.0172 ఓములు. లారీలో ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి 4 మీటర్ల తీగ ఉన్నదనుకొన్నచో లెక్క ఇట్లుండును:

* 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో 35 ఆంపియర్లు: 0.40 వోల్టుల నష్టము, 14 వాట్ల వేడి.
* అదే తీగలో 80 ఆంపియర్లు: 0.92 వోల్టుల నష్టము, 73 వాట్ల వేడి.
* 25 చదరపు మిల్లీమీటర్ల తీగలో 80 ఆంపియర్లు: 0.22 వోల్టుల నష్టము, 18 వాట్ల వేడి.

కరెంటు రెట్టింపైనప్పుడు వేడి నాలుగు రెట్లగును. ఇంజను పక్కన ముందే వేడిగా ఉండు చోట ఈ అదనపు వేడికి తీగ తొడుగు మెత్తబడి, ఇనుప రేకుకు తగిలినచో షార్టు ఏర్పడుతుంది. వోల్టేజీ నష్టము వలన బ్యాటరీ ఎప్పుడూ సగము ఛార్జితో ఉండి, పలకలపై సల్ఫేటు పేరుకొని త్వరగా పాడగును. దీపాలకు వెళ్ళే తీగలలోనూ ఇదే నష్టము కలుగును. హాలోజెన్ దీపమునకు వోల్టేజీ 10 శాతము తగ్గినచో వెలుగు సుమారు 30 శాతము తగ్గును. రాత్రి ప్రయాణములో ఇది ప్రాణములకు సంబంధించిన విషయము.

అమర్చు క్రమము

1. ఇంజను ఆపి, మొదట బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. బిగించునప్పుడు దానిని చివరగా బిగించవలెను.
2. కొత్త ఆల్టర్నేటరు బ్రాకెట్టు, పుల్లీ వెడల్పు, తిరుగు దిశ పాతదానితో సరిపోవునో లేదో చూడవలెను. కొన్ని చిన్న డీజిలు వాహనాలలో బ్రేకులకు తోడ్పడే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. పంపు లేని ఆల్టర్నేటరును వాటికి అమర్చరాదు.
3. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీ పాజిటివ్‌కు తగిన మందముగల తీగను నేరుగా వేయవలెను. లగ్గులను చేతితో మెలిపెట్టి వదలక, పరికరముతో నొక్కించవలెను.
4. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉంచవలెను. షార్టు ఏర్పడినప్పుడు తీగను కాల్చునంతటి కరెంటు బ్యాటరీ నుండే వచ్చును. పై ఉదాహరణలోని 25 చదరపు మిల్లీమీటర్ల తీగకు 100 ఆంపియర్ల ఫ్యూజు తగును.
5. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును గనుక ఇంజను నుండి చాసిస్‌కు, చాసిస్ నుండి బ్యాటరీకి మందమైన ఎర్త్ తీగలు వేయవలెను. రంగు, తుప్పు గీకి బిగించవలెను.
6. తీగను సైలెన్సరు గొట్టమునకు, డీజిలు పైపులకు దూరముగా నడిపించి, రేకు రంధ్రాలలో రబ్బరు వాషరు ఉంచవలెను.
7. 80 ఆంపియర్ల 24 వోల్టుల యంత్రము పూర్తి భారముపై సుమారు 5 అశ్వశక్తులను బెల్టు నుండి తీసుకొనును. పాత బెల్టు జారినచో ఛార్జింగు తగ్గును. కనుక బెల్టును కూడా మార్చుట మంచిది.

కొన్ని పాత వాహనాలలో ఛార్జింగు కరెంటు అంతా క్యాబినులోని అమ్మీటరు ద్వారా పోవును. ఎక్కువ కరెంటుకు అది తగదు. దాని స్థానములో వోల్టు మీటరు పెట్టుకొనవచ్చును.

పరీక్ష

ఇంజను నడుచుచుండగా 24 వోల్టుల వ్యవస్థలో బ్యాటరీ వద్ద 27.5 నుండి 28.5 వోల్టులు ఉండవలెను. 12 వోల్టుల వ్యవస్థలో ఇది 13.8 నుండి 14.4 వరకు ఉంటుంది. అన్ని దీపాలు వెలిగించి, మల్టీమీటరు ఒక మొనను ఆల్టర్నేటరు పాజిటివ్‌పై, రెండవ మొనను బ్యాటరీ పాజిటివ్‌పై ఉంచి చూడవలెను. అర వోల్టు మించిన నష్టము కనిపించినచో తీగలోనో, బిగింపులోనో లోపమున్నట్లు. ఆల్టర్నేటరు బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య కూడా ఇట్లే చూడవలెను. చాలా సందర్భాలలో ఈ పరీక్షతోనే అసలు లోపము బయటపడి, కొత్త ఆల్టర్నేటరు కొనవలసిన అవసరమే ఉండదు.

సాధారణముగా జరుగు పొరపాట్లు

* ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను విప్పి ఛార్జింగు పరీక్షించుట డైనమో కాలపు అలవాటు. ఆల్టర్నేటరులో దీనివలన వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి డయోడులు, రెగ్యులేటరు కాలిపోవును.
* బ్యాటరీని తలక్రిందులుగా కలిపినచో డయోడులు వెంటనే చెడిపోవును.
* 24 వోల్టుల లారీలో పాటల పెట్టెకు ఒక బ్యాటరీ నుండే 12 వోల్టులు తీసుకొనుట. ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువగాను, రెండవది అతిగాను ఛార్జి అగును. ఇందుకు 24 నుండి 12 వోల్టులకు మార్చే కన్వర్టరు వాడవలెను.
* ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానములో రాగి తీగను చుట్టుట.

సేవలు, నిబంధనలు

విజయవాడలోని జవహర్ ఆటోనగర్, హైదరాబాదులో వనస్థలిపురము వద్ద గల ఆటోనగర్ లారీ మరమ్మతులకు ప్రసిద్ధము. సికింద్రాబాదులోని రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాలు ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రము కూడా అవసరము. కావున తయారీదారు ఆ నమూనాకు సూచించిన ఆల్టర్నేటరునే ఎంచుకొనుట క్షేమము. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్య, భారీ రకపు లారీలలో డ్రైవరు క్యాబినుకు ఏసీ తప్పనిసరి చేయబడినది. పాత లారీలకు ఈ నియమము వర్తించదు. అయినను, వాటికి ఏసీ అమర్చదలచిన యజమానులు ముందుగా ఛార్జింగు వ్యవస్థ శక్తిని లెక్కించుకొనవలెను.