ఒకే టికెట్టు, రకరకాల ఎత్తులు

హైదరాబాద్ నుమాయిష్‌లో గేటు దాటాక ఏ రైడ్ టికెట్టు ఆ రైడ్‌దే. కొలంబస్ ఎక్కే కుర్రాడు కొలంబస్‌కు కడతాడు. రంగుల రాట్నం ఎక్కే పిల్లకి దాని డబ్బులే. మౌత్ కా కువా చూడాలనుకున్నవాళ్ళు మెట్లెక్కే ముందు చెల్లిస్తారు. నాయనమ్మ ఏదీ ఎక్కదు, మిర్చి బజ్జీ తింటూ అందరి సంచులకీ కాపలా కూర్చుంటుంది. ఎక్కనందుకు ఆవిడకి పైసా నష్టం లేదు. 1938లో మొదలైన నుమాయిష్‌లోనైనా, ఊళ్ళో తిరునాళ్ళలోనైనా ఎవరి సరదాకి వాళ్ళే ఖర్చు పెట్టుకుంటారు.

థీమ్ పార్కు ఈ లెక్కను తిరగేసింది. గేటు దగ్గరే ప్రతి మనిషి దగ్గరా మొత్తం సొమ్ము వసూలు చేస్తుంది. ఆ క్షణం నుంచి ఏదీ ఎక్కని నాయనమ్మ, అన్నీ ఎక్కే మనవడు ఒకటే. కొత్తగా పార్కు కట్టేవాళ్ళని వేధించే ప్రశ్న, అంటే ఇంటిల్లిపాదీ ఎక్కే రైడ్లు ఎన్ని, గుండె జారే రైడ్లు ఎన్ని అన్నది, ఈ ఒక్క టికెట్టుతోనే ముదిరిందని నా అభిప్రాయం. అంతకు ముందు కూడా సమస్య ఉంది గానీ, అది ఎక్కువగా యజమాని జేబుకే తగిలేది.

రోలర్ కోస్టర్ మొదట కుటుంబాల బండే. 1884లో న్యూయార్క్ శివారు కోనీ ఐలాండ్‌లో లమార్కస్ థాంప్సన్ పెట్టిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకు పది కిలోమీటర్లు దాటలేదు. టికెట్టు అయిదు సెంట్లు. బెంచీలు ముందుకు చూసేలా ఉండేవి కావు, సముద్రం వైపు చూస్తూ పోవడానికి వీలుగా పక్కకు తిరిగి ఉండేవి. ఒక చివరికి చేరాక దిగి, బండిని రెండో పట్టా మీదికి మార్చాక మళ్ళీ ఎక్కి వెనక్కి వచ్చేవారు. థాంప్సన్ దైవభక్తి గల మనిషి, జనాన్ని సారా దుకాణాల నుంచి మళ్ళించాలన్నది ఆయన తపన. పదేళ్ళు గడిచాయో లేదో పోటీ భయం వైపు మళ్ళింది. 1895లో అదే కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే కోస్టర్ మనుషుల్ని తలకిందులుగా తిప్పింది. దాని చుట్టు అచ్చంగా గుండ్రం. వేగంగా వచ్చిన బండి నేరు పట్టా మీంచి ఒక్కసారిగా చక్రంలోకి ఎక్కగానే శరీరం బరువు ఎన్నో రెట్లయి మెడ మీద పడేది. ఎక్కినవాళ్ళు మెడలు పట్టుకుని దిగేవారు. 1901లో వచ్చిన లూప్ ది లూప్ ఆ చుట్టును కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీసి బాధను చాలా తగ్గించింది. అయినా ఒక్కో బండిలో నలుగురికే చోటు. చుట్టూ నిలబడి నోరు తెరుచుకుని చూసే జనం మాత్రం ఎక్కేవాళ్ళకంటే ఎక్కువ.

ఇలా చూసేవాళ్ళని కూడా పార్కుకి కట్టిపడేసే కిటుకు బాగా పట్టుకున్నవాడు జార్జ్ టిల్యూ. 1897లో తెరిచిన స్టీపుల్‌చేజ్ పార్కులో, గుర్రాల రైడ్ దిగినవాళ్ళు బయటికి పోవాలంటే ఒక వేదిక మీదుగా నడవాల్సి వచ్చేది. కింది నుంచి గాలి కొట్టి టోపీలు ఎగిరేవి, గౌన్లు లేచేవి, ఎదురుగా కూర్చున్న జనం విరగబడి నవ్వేవారు. కాసేపటి క్రితం నవ్వులపాలైనవాళ్ళే వెళ్ళి ఆ కుర్చీల్లో కూర్చుని తరువాతి వాళ్ళని చూసి నవ్వేవారు. ఎక్కనివాడికీ పార్కులో పని కల్పించాలన్న ఆలోచన ఇక్కడ కనిపిస్తుంది. మోటుగా ఉన్నా తెలివైన ఆలోచనే.

1920ల్లో చెక్క కోస్టర్లు మరీ పిచ్చెక్కించాయి. కెనడాలో క్రిస్టల్ బీచ్ అనే చోట 1927లో కట్టిన సైక్లోన్ ఎంత కర్కశంగా ఉండేదంటే, స్పృహ తప్పినవాళ్ళని చూసుకోవడానికి ప్లాట్‌ఫారం మీద ఒక నర్సును పెట్టారు. కీర్తి ఆకాశాన్నంటింది, సంపాదన మాత్రం ఆ పక్కకి కూడా రాలేదు. చూడటానికి వచ్చేవాళ్ళే తప్ప ఎక్కేవాళ్ళు తగ్గిపోయి, 1946లో మూసేశారు. రైడ్ భయంకరంగా ఉంటే పేరొస్తుంది. నడవాలంటే మాత్రం రెండోసారి ఎక్కే ధైర్యం మిగలాలి.

తరువాతి మలుపు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో ఒక బెంచీ మీద మొదలైంది. కూతుళ్ళిద్దరూ రంగుల రాట్నం మీద తిరుగుతుంటే తాను ఊరికే కూర్చోవాల్సి వచ్చేదని, పెద్దలూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఉండాలని అప్పుడే అనిపించిందని వాల్ట్ డిస్నీ చాలాసార్లు చెప్పుకున్నాడు. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు అందులో కోస్టర్ ఒక్కటీ లేదు. చౌకబారు జాతర్లకి గుర్తుగా ఉండే వస్తువని ఆయనకి దాని మీద చిన్నచూపు ఉండి ఉంటుంది. కానీ నాలుగేళ్ళకే, 1959లో, మాటర్‌హార్న్ వచ్చింది. ఉక్కు గొట్టాలతో పట్టా వేసిన మొదటి కోస్టర్ అది, చేసింది యారో సంస్థ. కృత్రిమ మంచుకొండ లోపలా బయటా తిరిగే ఆ బండి వేగం గంటకు సుమారు 43 కిలోమీటర్లే. పార్కులో అప్పటిదాకా రైడ్ల విలువను బట్టి ఎ నుంచి డి దాకా కూపన్లు ఉండేవి. మాటర్‌హార్న్ వచ్చిన ఏడాదే ఇ అనే కొత్త కూపన్ పుట్టింది. థ్రిల్‌కి విడిగా ధర కట్టడమంటే ఇదే. అమ్మమ్మ ఎ కూపన్‌తో గుర్రపు బండి ఎక్కి, ఇ కూపన్ మనవడికి ఇచ్చేయొచ్చు.

1961లో టెక్సస్‌లో తెరిచిన సిక్స్ ఫ్లాగ్స్ ఈ కూపన్ల గొడవ లేకుండా గేటు దగ్గరే ఒక మొత్తం తీసుకుంది. పద్ధతి జనానికి నచ్చింది, మిగతా పార్కులు వరసగా అదే బాట పట్టాయి. డిస్నీ కూడా 1982లో కూపన్లు ఎత్తేసింది. ఈ పద్ధతితో ఇంకో మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. టికెట్టు అమ్మాలంటే ప్రకటనలో చూపడానికి ఒక బ్రహ్మాండమైన రైడ్ కావాలి, రంగుల రాట్నం బొమ్మ వేస్తే ఎవరూ రారు. వచ్చిన కుటుంబం సాయంత్రం దాకా గొణగకుండా ఉండాలంటే మాత్రం ఇంకేవో కావాలి. ప్రకటన కోసం కొనేది ఒకటి, కడుపు నింపేది మరొకటి. సిక్స్ ఫ్లాగ్స్ మొదట్లో ఈ రెంటినీ బాగానే సమన్వయం చేసింది. 1963లో దుంగల పడవను నీళ్ళలో జార్చే లాగ్ ఫ్లూమ్, 1966లో గని బండిలాంటి రనవే మైన్ ట్రైన్ పెట్టింది. ఎనిమిదేళ్ళ పిల్లా, ఆమె తాతయ్యా ఒకే బండిలో కేకలు పెట్టగలిగిన రైడ్లు అవి.

అప్పుడే లెక్కల మనుషులు రంగంలోకి దిగారు. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రివల్యూషన్‌కి జర్మన్ ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ గీసిన చుట్టు గుండ్రంగా ఉండదు. కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది, అందువల్ల బరువు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఫ్లిప్ ఫ్లాప్ మెడ నొప్పికి మందు ఇలా ఎనభై ఏళ్ళకి దొరికింది. దొరికాక పోటీ కట్టలు తెంచుకుంది. 1989లో ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో మాగ్నమ్ 205 అడుగులు ఎక్కింది. 2000లో అక్కడే మిలీనియం ఫోర్స్ 310 అడుగులు. 2003లో 420, 2005లో న్యూజెర్సీలో కింగ్డా కా 456 అడుగులు. ఆ చివరి దానిని 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఎత్తు పెరుగుతున్నకొద్దీ ఆ పార్కులు కుర్రాళ్ళ అడ్డాలుగా మారాయి. 2006లో సిక్స్ ఫ్లాగ్స్ యాజమాన్యం అప్పటికి తన చేతిలో ఉన్న సాక్షాత్తూ మ్యాజిక్ మౌంటెన్‌నే అమ్మకానికి పెట్టింది. కుర్రగుంపుల భయంతో కుటుంబాలు తప్పుకుంటున్నాయన్న బాధ అప్పట్లో బాహాటంగానే వినిపించింది. చివరికి అమ్మలేదు.

ఇదే కాలంలో డిస్నీ ఇంకో దారి పట్టింది. నాకు ఈ మొత్తం చరిత్రలో ఇష్టమైన ఘట్టం ఇదే. 1975లో ఫ్లోరిడాలో తెరిచిన స్పేస్ మౌంటెన్ వేగం గంటకు 45 కిలోమీటర్ల లోపే. ఊళ్ళో మోపెడ్ కూడా అంత వేగం పోతుంది. కానీ అంతా చీకట్లో. పట్టా కనపడదు, మలుపు ఎటో తెలీదు, తల పక్కనుంచి చుక్కల్లాంటి దీపాలు జారిపోతుంటాయి. ముందు ఏముందో కంటికి తెలిస్తే ఒళ్ళు సర్దుకుంటుంది, తెలియకపోతే చిన్న మలుపు కూడా కడుపులో దెబ్బ కొడుతుంది. చుట్టూ తిప్పకుండా, ఎత్తు నుంచి పడేయకుండా థ్రిల్ పుట్టించారు. 1979లో వచ్చిన బిగ్ థండర్ మౌంటెన్ కొండలూ సొరంగాలతో అదే పని చేసింది. ఇవి పిల్లలకు పెద్దరికం, పెద్దలకు చిన్నతనం ఇచ్చే నడిమి మెట్లు. పార్కు నిలబడేది ఈ మెట్ల మీదే. అటు చిట్టి రైళ్ళూ ఇటు ఆకాశమంత కోస్టర్లూ ఎన్నైనా ఉండనీండి, మధ్యలో ఖాళీ ఉంటే కుటుంబం పొద్దున్నే రెండు ముక్కలవుతుంది.

ఆ ఖాళీ ఏమిటో రైడ్ ముందు నిలబెట్టిన కొలబద్ద దగ్గర కనిపిస్తుంది. దానికి ఆనుకున్న పిల్ల మడమలు ఎత్తుతుంది, సిబ్బంది నవ్వుతూనే భుజం మీద చెయ్యేసి దించుతారు. అమెరికా పార్కుల్లో ఎక్కువగా కనిపించే గీతలు 102, 122, 137 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, అంటే సుమారుగా నాలుగేళ్ళు, ఏడేళ్ళు, పదేళ్ళు. గీత ఎక్కడ పడుతుందో వేగం ఒక్కటే తేల్చదు, పట్టుకునే కడ్డీ కూడా తేలుస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉంటే అది తండ్రి తొడ దగ్గర ఆగిపోతుంది, పక్కనున్న పిల్లకి వదులుగా మిగులుతుంది. ఎవరి కడ్డీ వాళ్ళకి ఉంటే గీత కిందికి దించడానికి వీలు చిక్కుతుంది. కుటుంబ రైడా కాదా అన్నది చాలాసార్లు డ్రాయింగ్ బల్ల మీద, సీటు గీసేటప్పుడే తేలిపోతుంది. ఎక్కలేని పిల్లతో ఒకరు బయట ఆగి, మొదటివాళ్ళు దిగాక మళ్ళీ క్యూ లేకుండా రెండోవాళ్ళు ఎక్కే ఏర్పాటు కూడా ఈ పార్కులు చేశాయి. మంచిదే, కానీ అది అతుకే.

అతుకులు వేయక తప్పని పార్కులు ఎన్నో. 1999లో ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ళు తెరిచిన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హల్క్, డ్యూలింగ్ డ్రాగన్స్ అనే భారీ కోస్టర్లకి 137 సెంటీమీటర్ల గీత. మరుసటి ఏడాదే పిల్లలకోసం ఫ్లయింగ్ యూనికార్న్ అనే చిన్న కోస్టర్‌ను చేర్చాల్సి వచ్చింది. 2001 ఫిబ్రవరిలో డిస్నీల్యాండ్ ఎదుటే తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోనైతే, డిస్నీ పేరు పెట్టుకుని కూడా చిన్నపిల్లలు ఎక్కేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. తొలి ఏడాది వచ్చినవాళ్ళు 50 లక్షల దాకా, పక్కనున్న పాత పార్కుకి కోటికి పైనే. మరుసటి ఏడాదే పురుగుల లోకం పేరుతో బుజ్జి రైడ్లు పెట్టారు. అదీ చాలక 2007లో 110 కోట్ల డాలర్ల మరమ్మతు ప్రకటించారు. 2012లో కార్స్ ల్యాండ్ తెరుచుకున్నాకే ఆ పార్కు కుదుటపడింది. అక్కడి పెద్ద రైడ్ రేసు కారుది, గీత 102 దగ్గర.

యూనివర్సల్ నేర్చుకున్న పాఠం ఇంకా స్పష్టం. డ్యూలింగ్ డ్రాగన్స్‌ను 2017లో తీసేసి, అదే చోట 2019లో హాగ్రిడ్ మోటర్‌బైక్ కోస్టర్ కట్టింది. తలకిందులు లేవు, గంటకు 80 కిలోమీటర్లు, గీత 122. తెరిచిన రోజు క్యూ పది గంటలు. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ఈ ఆలోచన ముందునుంచే కనిపిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల స్టార్‌డస్ట్ రేసర్స్‌కి తోడు, 102 గీతతో గంటకు 72 కిలోమీటర్లు పోయే డ్రాగన్ల కోస్టర్ ఉంది. నడిమి మెట్టు గట్టిగా వేశారు. నాలుగేళ్ళ లోపు పిల్లల పక్షం మాత్రం పలుచగానే ఉంది. తీరా పోయి చూస్తే వాళ్ళకి మిగిలింది ప్రధానంగా రాట్నం, యోషీ బండి.

మన దేశంలో ఢిల్లీ అప్పు ఘర్ 1984లో, ముంబై ఎస్సెల్ వరల్డ్ 1989లో వచ్చాయి. 2013లో ఖోపోలి దగ్గర ఇమాజికా, నైట్రో అనే నేల లేని కోస్టర్‌తో పాటు గోల్డ్ రష్ అనే గని బండినీ పెట్టి డిస్నీ మెట్లను బుద్ధిగా అనుసరించింది. కొచ్చిలో 2000లో వీగాలాండ్‌గా మొదలైన వండర్‌లా వేరే దారిలో గెలిచింది. ఆ సంస్థ పిల్లల టికెట్టును ఏళ్ళను బట్టి నిర్ణయించదు, ఎత్తును బట్టి నిర్ణయిస్తుంది. కట్టిన డబ్బుకీ కొలబద్దకీ ముడిపెట్టింది కాబట్టి పొట్టి పిల్లవాడి మీద భారం తగ్గుతుంది. అంతకంటే పెద్ద సంగతి నీళ్ళు. 2016లో హైదరాబాద్ రావిర్యాలలో తెరిచిన పార్కులో రీకాయిల్ అనే కోస్టర్ ఉంది, ముందుకు తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం కుటుంబాలు వేవ్ పూల్ దగ్గరికి చేరతాయి. నడుము లోతు అలల్లో నిలబడ్డ పెద్దమ్మా, ట్యూబులో తేలే మూడేళ్ళవాడూ, ఇందాక రీకాయిల్ దిగి వచ్చిన కాలేజీ అబ్బాయీ పక్కపక్కనే ఉంటారు. అమెరికా పార్కులు పట్టాల మీద వెతికిన నడిమి మెట్టు మన దగ్గర నీళ్ళలో దొరికింది.

ఎండలూ, మూడు తరాలు కలిసి బయల్దేరే అలవాటూ దీనికి కారణమనుకుంటాను. 2025 డిసెంబరులో చెన్నై దగ్గర తెరిచిన కొత్త వండర్‌లాలో, పట్టా కింద బండి వేలాడే పెద్ద కోస్టర్ తంజోరా ప్రకటనల్లో కనిపిస్తోంది. దాన్ని చేసిన స్విస్ సంస్థే హల్క్‌నీ, నైట్రోనీ చేసింది. దాని కొలబద్ద దగ్గర వెనుదిరిగిన పిల్లలకి అదే టికెట్టు మీద పక్కన కొలనుంది. ఇక కావలసిందల్లా, ఆ పిల్లలు తండ్రి పక్కన కూర్చుని వెళ్ళగలిగే పెద్ద పట్టాల రైడ్. దేశంలో పార్కులు కట్టేవాళ్ళు తరువాతి పెద్ద ఖర్చు దాని మీద పెట్టాలని నా కోరిక.