మళ్లీ కలిసినవాళ్లు: రాక్ బృందాలు, బాస్కెట్‌బాల్ జట్లు, మన బ్యాచ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ వేపచెట్టు గురించీ, గంట గురించీ నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పైగా మూడు నెలలుగా నా బుర్రలో వేరే ప్రశ్న తిరుగుతోంది. మా 1982 పదో తరగతి బ్యాచ్ బాస్కెట్‌బాల్ జట్టును స్వర్ణోత్సవం రోజు సాయంత్రం మళ్లీ కోర్టులో దింపాలని సంఘం నిర్ణయించింది. అప్పట్లో ఐదుగురం ఆడేవాళ్లం. ఒకడు 2021లో కరోనా రెండో విడతలో మమ్మల్ని వదిలి వెళ్లిపోయాడు. ఇంకొకడు "నేను రాను, నన్ను వదిలేయండి" అన్నాడు. మిగిలింది ముగ్గురం. ముగ్గురు ఉంటే అది ఆ జట్టే అవుతుందా? అసలు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కలవడం అంటే ఏమిటి?

నాకు చిన్నప్పటి నుంచి రెండు పిచ్చులు. ఒకటి బాస్కెట్‌బాల్, రెండోది రాక్ సంగీతం. ఈ ప్రశ్నకు జవాబు ఆ రెండింటి చరిత్రలోనే వెతుక్కున్నాను.

బాస్కెట్‌బాల్ మా డ్రిల్లు మాస్టారి పుణ్యం. ఆయన మద్రాసు వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందినవారు. వానొచ్చి ఆట ఆగిపోయిన రోజున వరండాలో కూర్చోబెట్టి ఈ ఆట పుట్టుక చెప్పేవారు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలం ఆరుబయట ఆడలేక విసుగెత్తిన కుర్రాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు రెండు పీచు పండ్ల బుట్టలు వ్యాయామశాల బాల్కనీకి కొట్టించి, 13 నియమాలు రాసి ఈ ఆట మొదలుపెట్టాడు. బుట్టలకు అడుగు ఉండేది కాబట్టి బంతి పడినప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి తీయాల్సి వచ్చేది. ఆయన పనిచేసింది వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో. ఆ సంస్థ తరఫున వచ్చిన హారీ క్రో బక్ 1920లో మద్రాసులో స్థాపించిన కళాశాలలోనే మన మాస్టారు చదివారు. అంటే నైస్మిత్ బుట్ట నుంచి మన బడి వెనక మట్టి కోర్టు దాకా దారి నేరుగానే వచ్చిందన్నమాట.

రాక్ సంగీతం మా పెద్దన్నయ్య చలవ. విశాఖలో చదువుకుంటూ సెలవులకు వచ్చినప్పుడల్లా రెండు మూడు క్యాసెట్లు తెచ్చేవాడు. "ఏమిట్రా ఆ కేకలు" అని నాన్నగారు విసుక్కునేవారు. బీటిల్స్, లెడ్ జెప్పెలిన్, పింక్ ఫ్లాయిడ్ అలాగే నా చెవిన పడ్డారు. అప్పటికి మొదటి రెండు బృందాలు చెదిరిపోయాయన్న సంగతి కూడా నాకు తెలియదు.

ఈ రెండు పిచ్చులకూ ఒక చుట్టరికం ఉందని తర్వాత తెలిసింది. చికాగో బుల్స్ జట్టును ప్రేక్షకులకు పరిచయం చేసేటప్పుడు దీపాలార్పి వినిపించే వాద్య సంగీతం ఆలన్ పార్సన్స్ ప్రాజెక్ట్ వారిది, 1982 నాటిది. ఆ పార్సన్స్ కుర్రతనంలో బీటిల్స్ 'ఆబీ రోడ్' ఆల్బమ్‌కు సహాయ ఇంజనీరు; 1973లో పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కు ఇంజనీరు. ఆ రికార్డింగ్ గదుల్లో చెయ్యి తిరిగినవాడి సంగీతంతోనే మైకేల్ జోర్డాన్ కోర్టులోకి అడుగుపెట్టేవాడు.

ఇక కలయికల సంగతి. 1970లో విడిపోయిన బీటిల్స్‌ను మళ్లీ కలపాలని లోకమంతా ప్రయత్నించింది. 1976లో ఒక అమెరికన్ నిర్వాహకుడు ఒక్క కచేరీకి 5 కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు. అదే ఏడాది ఒక టీవీ హాస్య కార్యక్రమం నిర్మాత 3,000 డాలర్ల చెక్కు చూపించి రమ్మని వేళాకోళం చేశాడు. వాళ్లు రాలేదు. 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో జాన్ లెనన్ హత్యకు గురయ్యాడు. దాంతో ఆ ఆశ ముగిసింది. కానీ ఆయన ఇంట్లో పాడి క్యాసెట్లో దాచుకున్న గొంతుకు మిగతా ముగ్గురూ తమ వాద్యాలు, గొంతులు కలిపి 1995లో కొత్త పాట విడుదల చేశారు. పోయినవాడిని తీసుకురాలేరు కాబట్టి, అతను వదిలి వెళ్లినదాని చుట్టూ కూర్చున్నారు.

లెడ్ జెప్పెలిన్ కథ ఇంకా పాఠం నేర్పేది. డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో చనిపోతే, అతను లేకుండా సాగలేమని ఆ డిసెంబరులో బృందాన్నే మూసేశారు. 1985 జూలై 13న ఇథియోపియా కరువు సాయం కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో మిగతా ముగ్గురూ మళ్లీ వేదికెక్కారు. సాధన దాదాపు లేదు. డ్రమ్స్ వాయించిన ఇద్దరిలో ఒకరైన ఫిల్ కాలిన్స్ ఆ రోజే లండన్లో పాడి, కాంకార్డ్ విమానంలో అమెరికా చేరుకున్నాడు. ప్లాంట్ గొంతు బొంగురుపోయింది, పేజ్ గిటార్ శ్రుతి తప్పింది. అది వాళ్లకే ఎంత నచ్చలేదంటే, 2004లో ఆ కచేరీ డీవీడీగా వచ్చినప్పుడు తమ భాగం వేయనివ్వలేదు.

మళ్లీ 22 ఏళ్ల తర్వాత, 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 ఎరీనాలో అదే ముగ్గురు. తమ రికార్డుల సంస్థ స్థాపకుడు అహ్మెట్ ఎర్టెగన్ స్మృతికి ఆ కచేరీ. ఈసారి వారాల తరబడి సాధన చేశారు. పేజ్ వేలు విరిగితే కచేరీని రెండు వారాలు వాయిదా వేశారు గానీ పైపైన కానిచ్చేయలేదు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది చనిపోయిన బోనమ్ కొడుకు జేసన్. రెండు గంటలకు పైగా వాయించారు. ఆ రాత్రిని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1985కీ 2007కీ మధ్య వాళ్ల వయసు పెరిగింది, గొంతు తగ్గింది. అయినా రెండోదే బాగుంది. సాధన చేశారు, ఖాళీ అయిన చోటును ఎవరితోనో నింపేయకుండా దానికి మర్యాద చేశారు. నాకు కనిపించిన తేడా ఇదే.

ఆ తర్వాత ఊరూరా తిరిగి వాయిద్దామని అందరూ ఆశపడ్డారు. రాబర్ట్ ప్లాంట్ ఒప్పుకోలేదు. అతను అప్పటికే ఆలిసన్ క్రౌస్‌తో కలిసి వేరే తరహా పాటలు పాడుతున్నాడు. అభిమానులు కోప్పడ్డారు, నేనూ కోప్పడ్డాను. 2009లో వాళ్ల ఆల్బమ్‌కే ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. రాను అన్నవాడికి కూడా తన దారి ఒకటి ఉంటుందని అప్పుడు కొంత అర్థమైంది.

ఇక కోర్టులోకి వద్దాం. 1993 జూలైలో తండ్రి హత్యకు గురయ్యాక, ఆ అక్టోబరులో జోర్డాన్ ఆట మానేశాడు. తండ్రికి ఇష్టమైన బేస్‌బాల్ ఆడుతూ చిన్న జట్లతో బస్సుల్లో తిరిగాడు. 1995 మార్చి 18న రెండే మాటల ప్రకటన పంపాడు: తిరిగి వచ్చాను. మర్నాడు ఇండియానా జట్టు మీద ఆడితే 28 ప్రయత్నాల్లో 7 మాత్రమే బుట్టలో పడ్డాయి. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఓర్లాండో మీద మొదటి ఆట చివరి క్షణాల్లో నిక్ ఆండర్సన్ వెనక నుంచి వచ్చి అతని చేతిలో బంతిని తట్టేశాడు. బుల్స్ ఆ సిరీస్ ఓడిపోయారు. ఆ వేసవిలో జోర్డాన్ సినిమా షూటింగ్ చేస్తూనే స్టూడియో ఆవరణలో కోర్టు వేయించుకుని రోజూ సాధన చేశాడు. మరుసటి సీజన్లో బుల్స్ 72 ఆటలు గెలిచి పదే ఓడారు. టైటిల్ గెలిచిన 1996 జూన్ 16 అమెరికాలో తండ్రుల దినం. డ్రెస్సింగ్ రూములో బంతిని పట్టుకుని నేల మీద పడి ఏడ్చాడు. మన ఊళ్లో కేబుల్ టీవీ ముందు కూర్చున్న నా కళ్లూ తడిశాయి.

2001లో అతను మళ్లీ వచ్చాడు, ఈసారి వాషింగ్టన్ జట్టుకు. నలభై నిండాక ఒక ఆటలో 43 పాయింట్లు చేశాడు. ఆ వయసులో అంతకు ముందు ఎవరూ నలభై కూడా దాటలేదు. అయినా ఆ జట్టు రెండు సీజన్లలోనూ 37 గెలిచి 45 ఓడింది. మనిషి అతనే గానీ, చుట్టూ ఉన్న జట్టు అది కాదు.

ఇందాకటి నిక్ ఆండర్సన్‌ను మరిచిపోకండి. జోర్డాన్ జట్టును ఓడించిన కొన్ని వారాలకే, ఫైనల్స్ మొదటి ఆటలో హ్యూస్టన్ మీద తన జట్టు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, చివరి సెకన్లలో వరసగా నాలుగు ఫ్రీ త్రోలు తప్పాడు. ఒక్కటి పడినా ఆట దాదాపు గెలిచినట్టే. హ్యూస్టన్ ఆ ఆటతో పాటు టైటిల్ కూడా గెలిచింది. అతనికి ఆ గీత దగ్గర నిలబడటమే కష్టమైపోయింది. రెండేళ్లు తిరిగేసరికి పది ఫ్రీ త్రోలు వేస్తే నాలుగే పడేవి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. 1982 జోనల్ పోటీల ఫైనల్లో మేం ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆఖరి ఫ్రీ త్రో తప్పినవాడు ఇవాళ "రాను" అంటున్న మా మిత్రుడే. పరీక్షలు అయ్యేదాకా వాణ్ణి ఏడిపించాం. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నేను. అదంతా నాకు సరదాగానే గుర్తుంది. మూడు నెలల క్రితం వాట్సాప్ గ్రూపులో "నీ ఒక్కడి కోసం అందరి సరదా పాడుచేస్తావా" అని రాసిందీ నేనే. వాడు మారుమాట లేకుండా గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆండర్సన్ గురించి ఎన్నోసార్లు జాలిపడ్డాను గానీ, నా పక్కనే ఆడినవాడు నలభై ఏళ్లకు పైగా ఏం మోస్తున్నాడో ఆలోచించలేదు.

మళ్లీ కలవడమే ఎప్పుడూ గొప్ప అని కూడా లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌కు బాస్కెట్‌బాల్ స్వర్ణం తెచ్చినవాళ్లలో ముఖ్యులు నలుగురు లిథువేనియన్లు. 1990లో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1992 బార్సిలోనాకు సొంత జట్టు పంపాలంటే డబ్బులేదు. అప్పటికే అమెరికాలో ఆడుతున్న షరూనాస్ మార్చుల్యోనిస్ చందాలు పోగుచేస్తుంటే, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ సాయం చేసింది. డబ్బుతో పాటు రంగురంగుల టీషర్టులు పంపింది. వాటి మీద బుట్టలో బంతి వేస్తున్న అస్థిపంజరం బొమ్మ. కాంస్య పతకం ఆటలో లిథువేనియా ఎదురుగా నిలిచింది పూర్వపు సోవియట్ ఆటగాళ్ల జట్టే, పాత సహచరులే. 82–78తో లిథువేనియా గెలిచింది. ఆ టీషర్టులతోనే పతక వేదిక ఎక్కారు. వాళ్లు స్వర్ణం గెలిచిన పాత జట్టులో కలవలేదు. విడిపోయి, సొంత పేరుతో కంచు గెలుచుకున్నారు.

ఆ గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికీ 2015లో స్వర్ణోత్సవం వచ్చింది. వాళ్ల ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా 1995 ఆగస్టులో చనిపోయాడు. అతనితో వాళ్ల ఆఖరి కచేరీ ఆ జూలైలో చికాగో సోల్జర్ ఫీల్డ్‌లో జరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే మైదానంలో మిగిలిన నలుగురూ, వేరే బృందం నుంచి వచ్చిన ఒక గిటారిస్టు తోడుగా, వాయించి వీడ్కోలు చెప్పారు. గార్సియా ఉన్నట్టు నటించలేదు. ఇదే మన నలుగురి ఆఖరి కలయిక అని ముందే చెప్పి మరీ వచ్చారు.

ఇన్ని కథలు తిరగేశాక నాకు తేలింది చిన్నదే. మళ్లీ కలిసేది పాత రోజుల్ని తిరిగి తెచ్చుకోవడానికి కాదు, అవి రావు. ఇవాళ ఎవరం ఎలా ఉన్నామో అలాగే రావాలి. కాస్త సాధన చేసి రావాలి. లేనివాడి చోటును లేనట్టు కప్పిపుచ్చకూడదు. రానన్నవాడి మాటకు మర్యాద ఇవ్వాలి.

అందుకని మిత్రులారా, మా జట్టు తరఫున మనవి. స్వర్ణోత్సవం రోజు సాయంత్రం 4 గంటలకు మేం ముగ్గురం ఆడతాం. మోకాళ్లు సహకరించినంతసేపు, పది నిమిషాలు. రెండు నెలలుగా తెల్లవారుజామున సాధన చేస్తున్నాం. ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు మాతో కలుస్తారు. పోయిన మిత్రుడి 7వ నంబరు జెర్సీని వాళ్లావిడ దాచి ఉంచారు. అది బెంచీ మీద ఉంటుంది, ఎవరూ తొడుక్కోరు.

రానన్నవాడికి పోయిన వారం ఫోన్ చేశాను. రమ్మని అడగలేదు. 1982 గురించి క్షమించమన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మోకాలికి క్యాప్ వేసుకుని ఆడు" అన్నాడు. ఈ సంచిక కాపీ ఒకటి వాడికి పోస్టులో పంపమని సంపాదకులకు చిరునామా ఇచ్చాను.

– 1982 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి