బొమ్మరిల్లు (2006 చలనచిత్రం)

బొమ్మరిల్లు 2006 ఆగస్టు 9న విడుదలైన తెలుగు సాంఘిక చిత్రం, అంటే పురాణ, జానపద గాథలను కాక సమకాలీన కుటుంబ జీవితాన్ని వస్తువుగా తీసుకున్న చిత్రం. కొడుకు వేసుకునే దుస్తుల నుంచి చేసుకోబోయే పెళ్ళి దాకా ప్రతి విషయాన్నీ తానే నిర్ణయించే తండ్రికీ, ఉద్యోగం, భార్య అన్న రెండు విషయాల్లోనైనా తన మాటే నెగ్గాలని మనసులో గట్టిగా అనుకున్న కొడుక్కీ మధ్య నడిచే ఈ కథ హాస్యంతో మొదలై, తండ్రీకొడుకుల నడుమ ఏళ్ళ తరబడి పేరుకున్న మౌనం బద్దలయ్యే ఘట్టానికి చేరుకుంటుంది. శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ పతాకంపై దిల్ రాజు నిర్మించిన ఈ చిత్రానికి అబ్బూరి రవి సంభాషణలు రాయగా, దేవిశ్రీ ప్రసాద్ సంగీతం సమకూర్చాడు. దర్శకుడు భాస్కర్‌కు ఇది తొలి చిత్రం కాగా, దీని విజయంతో చిత్రం పేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడింది.

కథ

సముద్రపు ఒడ్డున తప్పటడుగులు వేస్తున్న పసివాడిని తండ్రి చేయి పట్టుకుని నడిపించే దృశ్యంతో చిత్రం ప్రారంభమవుతుంది. బిడ్డకు నడక వచ్చేదాకా తండ్రి చేయూత అవసరమే గాని, ఇరవై నాలుగేళ్ళు వచ్చాక కూడా ఆ చేయి వదలకపోతే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే ప్రేక్షకుడి ముందుకు వస్తుంది. నిర్మాణ సంస్థ నడిపే అరవింద్ (ప్రకాష్‌రాజ్) తన పిల్లలకు అన్నిటిలోనూ మేలైనదే దక్కాలని కోరుకునే మనిషి కనుక, ఆ మేలైనదేదో తానే ఎంచి పెడతాడు. చిన్న కొడుకు సిద్ధు (సిద్ధార్థ్) ఎదురు చెప్పలేక, సుబ్బలక్ష్మితో పెద్దలు కుదిర్చిన నిశ్చితార్థానికీ తలవంచుతాడు.

ఆ తరువాత గుడిలో తారసపడిన ఇంజనీరింగ్ విద్యార్థిని హాసిని (జెనీలియా) మనసులో ఉన్నది దాచుకోవడం తెలియని పిల్ల. ఒకసారి తల తగిలితే కొమ్ములు మొలుస్తాయని, రెండోసారి కూడా తగిలించుకోవాలని పట్టుబట్టే ఆ అమాయకత్వం సిద్ధును కట్టిపడేస్తుంది. విషయం బయటపడినప్పుడు, ఆమెను వారం రోజులు తమ ఇంట్లో ఉంచితే ఆమె మంచితనం అందరికీ తెలుస్తుందని సిద్ధు తండ్రిని ఒప్పిస్తాడు. హాసిని తన తండ్రి కనకారావు (కోట శ్రీనివాసరావు)తో కళాశాల విహారయాత్ర అని చెప్పి ఆ ఇంట అడుగుపెడుతుంది.

ప్రణాళిక, ప్రేమ

చిత్రానికి ఆయువుపట్టు ఆ వారం రోజులే. గట్టిగా నవ్వకుండా, అడ్డూఆపూ లేకుండా మాట్లాడకుండా, ఇంటి పద్ధతికి తగ్గట్టు మసలుకోమని సిద్ధు హాసినిని అడుగడుగునా హెచ్చరిస్తూ ఉంటాడు. తండ్రి తనకు చేసినదే తానిప్పుడు ప్రేమించిన పిల్లకు చేస్తున్నానన్న సంగతి అతనికి తట్టదు. తాను తానుగా లేకుండా పోతున్నానని గ్రహించిన హాసిని అక్కడ ఉండలేక వెళ్ళిపోయినప్పుడే, ఒకరి జీవితానికి మరొకరు గీసే గీత ఎంత ప్రేమతో గీసినా సంకెలగానే పరిణమిస్తుందని కథ స్పష్టం చేస్తుంది. తల్లి లక్ష్మి (జయసుధ) పూనికతో సిద్ధు తొలిసారి తండ్రి ఎదుట నోరు విప్పి, చిన్ననాటి నుంచి వదులుకున్న చిన్న చిన్న ఇష్టాలను ఒక్కొక్కటిగా చెబుతాడు. అరవింద్‌ను దుర్మార్గుడిగా చూపకపోవడం వల్లనే ఈ సన్నివేశానికి అంతటి బలం చేకూరింది. సిద్ధు సుబ్బలక్ష్మి తల్లిదండ్రులను ఒప్పించగా, తన తప్పు తెలుసుకున్న అరవింద్ చివరకు హాసిని తమ ఇంట ఉన్నట్టే సిద్ధును వారం రోజులు వారి ఇంట ఉంచుకుని చూడమని కనకారావును కోరతాడు.

తెలుగు పెళ్ళి కథల సంప్రదాయంలో స్థానం

పెళ్ళి చుట్టూ అల్లిన హాస్య చిత్రాలకు తెలుగులో దీర్ఘ చరిత్ర ఉంది. విజయా వారి పెళ్ళిచేసిచూడు (1952) కట్నాన్ని, మిస్సమ్మ (1955) నిరుద్యోగాన్ని ఆధారం చేసుకున్నాయి. మిస్సమ్మలో ఉద్యోగం కోసం ఇద్దరు అవివాహితులు భార్యాభర్తలుగా నటించగా, అప్పు సాకుతో కథానాయికను పెళ్ళాడాలని వెంటపడే డేవిడ్ పాత్రను హాస్యనటుడు రమణారెడ్డి పోషించాడు. జంధ్యాల తీసిన అహ నా పెళ్ళంట (1987)లో పెళ్ళికి అడ్డుపడేది పిల్ల తండ్రి పిసినారితనం. ఈ కథలన్నిటిలోనూ చిక్కుముడి ఏదో ఒక రూపంలో డబ్బుతోనే ముడిపడి ఉండగా, బొమ్మరిల్లులో డబ్బుకు కొదవలేదు, పట్టింపులూ పెద్దగా లేవు. తండ్రి వాత్సల్యమే అడ్డుగోడ అవుతుంది. పిల్లల చదువు, కొలువు, కాపురం అన్నీ ముందే లెక్కగట్టే మధ్యతరగతి, ఆపై తరగతి కుటుంబాలు తమను తాము ఈ చిత్రంలో చూసుకోవడానికి కారణం ఇదే.

ఆదరణ, పునర్నిర్మాణాలు

ఈ చిత్రం 2006 సంవత్సరానికి ఉత్తమ చలనచిత్రంగా బంగారు నందిని, తెలుగులో ఉత్తమ చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాన్ని గెలుచుకుంది. జెనీలియాకు ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ లభించింది. తమిళంలో ఎం. రాజా దర్శకత్వంలో సంతోష్ సుబ్రమణ్యం (2008)గా పునర్నిర్మితమైనప్పుడు జెనీలియా, ప్రకాష్‌రాజ్ తమ పాత్రలనే తిరిగి ధరించారు. అనీస్ బజ్మీ హిందీలో తీసిన ఇట్స్ మై లైఫ్ చాలా ఏళ్ళు నిలిచిపోయి, 2020లో నేరుగా టెలివిజన్‌లో ప్రసారమైంది.

బొమ్మరిల్లు దర్శకుడు భాస్కర్, జీవితాన్ని ముందే ప్రణాళిక వేసి పెట్టడమన్న అంశానికి 2021లో మోస్ట్ ఎలిజిబుల్ బ్యాచిలర్ ద్వారా తిరిగి వచ్చాడు. అందులో అఖిల్ అక్కినేని పోషించిన ప్రవాస యువకుడు హర్ష, పిల్ల కుదరకముందే అమెరికాలో కాపురానికి ఇల్లు అమర్చుకుని, పెళ్ళిచూపులకు స్వదేశం వస్తాడు. దాంపత్యం నుంచి ఏం కోరుకుంటున్నావన్న విభ (పూజా హెగ్డే) ప్రశ్నకు మాత్రం అతని ప్రణాళికలో జవాబు దొరకదు. మొదటి చిత్రంలో తండ్రి వేసిన ప్రణాళిక రెండో చిత్రం నాటికి యువకుడు తనకు తానే వేసుకునేదిగా మారింది గనుక, ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే దర్శకుని ఆలోచన పూర్తిగా బోధపడుతుంది: కాపురానికి కావలసిన వస్తువులన్నిటినీ ముందే సమకూర్చుకోవచ్చు గాని, పక్కనున్న మనిషిని మాత్రం ఆ మనిషి మాట విన్న తరువాతే తెలుసుకోగలుగుతాం.