పుల్లరి, సారా పాట, పుట్టి ధర: మా నెల్లూరు పేపర్లు

నెల్లూరులో వి.ఆర్. కళాశాల తెలియనివాళ్ళు ఉండరు. ఆ వి.ఆర్. అంటే వెంకటగిరి రాజా. మా ఊరి చదువుకు అంత సాయం చేసిన ఆ సంస్థానం మీదే, ఇదే ఊరి నుంచి ఒక వారపత్రిక ఏళ్ళ తరబడి పోరాడింది. దాని పేరు ‘జమీన్ రైతు’. నెల్లూరు వెంకట్రామానాయుడు పెట్టిన పత్రిక. మా ఊరి పేపర్ల చరిత్ర చెప్పాలంటే నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఒక ఊళ్ళో రాజుగారి కాలేజీ, రాజుగారిని నిలదీసే పత్రిక రెండూ నిలబడ్డాయంటే ఆ ఊరికి అది గొప్పే.

1930ల తొలి రోజుల్లో వెంకటగిరి జమీందారీ రైతుల బాధలు శిస్తుతో ఆగేవి కావు. పశువులను అడవిలోకి మేతకు తోలాలంటే పుల్లరి కట్టాలి. తాతల నాటి నుంచి తమదనుకున్న అడవి మీద హక్కు ఎవరిదన్నది పెద్ద తగాదా అయింది. మద్రాసు నుంచి వచ్చే ‘ఆంధ్రపత్రిక’కు దేశమంతా చూసుకోవాల్సిన పని. ఉప్పు సత్యాగ్రహం, కాంగ్రెసు సభలు, లండన్ సమావేశాలు రాశాక వెంకటగిరి తాలూకాలో మేత కోసం తిప్పలు పడే రైతుకు మిగిలే చోటెంత? ఆ చోటు జమీన్ రైతు ఇచ్చింది. పక్షం దాచుకోలేదు, పేరులోనే చెప్పేసింది. నిష్పక్షపాతమే పత్రికకు ప్రాణమని ఇప్పుడు అందరూ అంటారు గాని, ఒకవైపు సంస్థానం, ఇంకోవైపు చదువురాని రైతు ఉన్నప్పుడు మధ్యలో నిలబడితే అది ఎవరికి మేలు చేసినట్టు? నా వరకు వెంకట్రామానాయుడు చేసిందే సరైన పని.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక జమీందారీలు పోయాయి. పత్రిక మాత్రం ఆగలేదు, పేరూ మార్చుకోలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు జిల్లా రాజకీయాలు రాసింది, సినిమాల మంచిచెడ్డలు రాసింది.

ఇక దినపత్రికలు ఊరి గడపలోకి రావడం వేరే కథ. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లాకొక చిన్న పేపరు వేయడం మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మేమంతా దాన్ని ‘మినీ’ అనేవాళ్ళం. ఇంట్లో పెద్ద పేపరు ఎవరి చేతిలో ఉన్నా, మినీ కోసం మాత్రం పోటీ. ఉదయగిరిలో బోరు చెడిపోయినా, కోవూరులో కాలువ పూడిపోయినా, సోమశిల జలాశయం నీళ్ళు ఏ తేదీన వదిలేదీ, ధాన్యం పుట్టి ఎంత పలుకుతున్నదీ అందులోనే. పెద్దకర్మ ప్రకటనలు కూడా అందులోనే, ఫోటోతో సహా. తన ఊరి పేరు అచ్చులో చూసుకోవడం పల్లెలో మనిషికి ఎంత గౌరవమో అప్పుడే తెలిసింది.

ఆ వార్తలు పంపింది మండలాల్లోని కంట్రిబ్యూటర్లు. జీతం ఉండేది కాదు, అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే ‘లైన్ అకౌంటు’ డబ్బులే. బడిపంతులో, ఎరువుల కొట్టాయనో, డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉండిపోయిన కుర్రవాడో, కాగితం మీద రాసి కవరులో పెట్టి నెల్లూరు బస్సులో పంపేవాడు. ఫ్యాక్సులు, కంప్యూటర్లు మండలాలకు చేరేదాకా మా జిల్లా వార్తలు చాలావరకు ఆర్టీసీ బస్సెక్కే వచ్చాయి. కొలిచి డబ్బులిచ్చే పద్ధతిలో, పైగా ప్రకటనలూ వాళ్ళే తేవాల్సిన పరిస్థితిలో, నిజాయితీగా మిగిలినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం ఉంది.

ఆ వ్యవస్థ విలువ 1992లో తెలిసింది. జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ‘అక్షరదీపం’ పేరుతో నడుస్తోంది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చదివిన వాచకంలో ఒక పాఠం సారా కొట్టు మూయించిన ఊరి గురించి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు తమ ఊళ్ళోనూ ఆ పని చేశారు. వాళ్ళలో ఒకరైన రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. దూబగుంట సంగతి నోటిమాటగా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు పాకేది, ఎప్పటికైనా. తెల్లారేసరికి జిల్లా అంతా తెలియడానికి మాత్రం పేపరే కావాలి. ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో రోజూ చోటు కేటాయించింది. నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు పక్క మండలంలో తమలాంటివాళ్ళు ఏం చేశారో చదివారు, చదవలేనివాళ్ళకు చదివి వినిపించారు. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వాయిదాల మీద వాయిదాలు వేయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఉద్యమం పేపరు వల్ల పుట్టిందంటే అబద్ధం, అది ఆ తల్లుల కష్టంలోంచి పుట్టింది. ఆ కష్టాన్ని ఊరూరికీ చేరవేసింది మాత్రం ఆ జిల్లా పేజీలే.

అయితే మినీ తెచ్చిన చిక్కు కూడా ఉంది. జిల్లా ఎల్లే వార్త ఎల్ల అయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి, కందుకూరు మాలోకి వచ్చింది. దాంతో పేజీలూ మారాయి. ఏ వెంకటగిరి రైతుల కోసం నెల్లూరులో పత్రిక నడిచిందో, ఆ వెంకటగిరి ఇప్పుడు మా జిల్లా పేజీ దాటిపోయింది. చుట్టరికాలు, వ్యాపారాలు, ఆసుపత్రి అవసరాలు అన్నీ నెల్లూరుతోనే ఉన్న కుటుంబాలు అక్కడ ఎన్నో. పొద్దున పేపరు తెరిస్తే మాత్రం మేం వాళ్ళకు పొరుగు జిల్లావాళ్ళం.

2020లో కరోనా వచ్చి చాలామంది పేపరు మాన్పించారు. అలా మాన్పించినవాళ్ళలో కొందరు మళ్ళీ వేయించుకోలేదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, కోవూరు వైపు జాతీయ రహదారి తెగినప్పుడు మాకు కబుర్లన్నీ ఫోన్లోనే. ఏ వీధిలోకి నీళ్ళొచ్చాయో నిమిషాల్లో తెలిసింది, అది ప్రాణాలకు పనికొచ్చింది కూడా. దానితోపాటే సోమశిల కట్ట తెగిందనే మాటలు వచ్చి ముసలివాళ్ళను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఆ మాట చెప్పిందెవరు, తప్పయితే రేపు సవరించేదెవరు? పేపరు తప్పు రాస్తే ఆఫీసు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. ట్రంకురోడ్డు మీద నడుస్తూ వెళ్ళి అడిగొచ్చేవాళ్ళు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. పెద్ద పేపరును గ్రంథాలయాలు దాస్తాయి. మినీని మేమే అలమరల్లో పరిచాం, పచ్చళ్ళ జాడీల కింద వేశాం. మా జిల్లా గురించి రేపు ఎవరైనా రాయాలంటే ముందు వెతికేది ఆ కాగితాలనే. సారా ఉద్యమంలో కదిలిన ఊళ్ళు, నిలబడిన మనుషులు, అధికారులు ఇచ్చిన జవాబులు అందులోనే ఉన్నాయి. కాబట్టి అటకల మీద, ట్రంకుపెట్టెల్లో 1992, 1993 నాటి జిల్లా పేజీలు ఎవరిదగ్గరున్నా తూకానికి వేయొద్దు. టౌన్‌హాల్లో వర్ధమాన సమాజం గ్రంథాలయానికో, కాలేజీ గ్రంథాలయానికో అప్పగించండి. చిరిగినవైనా సరే, తేదీ కనబడితే చాలు.