ఖాళీ వదిలిన చోట్లు

నా చదువంతా తమిళ మాధ్యమం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాకే కూడబలుక్కున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల మన నాందేడ్‌లో తపోవన్ ఎక్కి ఔరంగాబాద్‌లో దిగి, ఖుల్దాబాద్ వెళ్లొచ్చాం. అక్కడికి వెళ్లినవాళ్లు ఎక్కువమంది ఔరంగజేబు సమాధి చూసి వచ్చేస్తారు. నాకు మాత్రం అమీర్ హసన్ సిజ్జీ సమాధి చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ఆయన కవి. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా మాట్లాడిన మాటలను 1308 నుంచి 1322 వరకు రాసిపెట్టాడు. ఆ పుస్తకమే ఫవాయిదుల్ ఫువాద్. రాసింది గురువుగారికి చూపిస్తే, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఖాళీలు ఎందుకున్నాయని ఆయన అడిగారట. ఆ మాటలు సరిగ్గా గుర్తులేవని హసన్ ఒప్పుకున్నాడు. గురువుగారే వాటిని పూరించారు. గుర్తులేనిచోట సొంత మాట అతికించలేదు చూడండి! ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసినవాణ్ణి, అది ఎంత కష్టమో నాకు తెలుసు.

1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు ఈ మనుషులూ దక్కన్‌కు వచ్చారు. నిజాముద్దీన్ శిష్యుడు బుర్హానుద్దీన్ గరీబ్ సమాధి కూడా ఖుల్దాబాద్‌లోనే ఉంది. 1337లో చనిపోయేదాకా గురువుగారి ఊరి దిక్కుకు వీపు పెట్టి కూర్చోలేదని చెబుతారు. అది భక్తే, కాదనను. కానీ నాకు హసన్ వదిలిన ఖాళీలే ఎక్కువ నచ్చాయి.

చైనాలో కన్ఫ్యూషియస్ మాటలను కూడా శిష్యులే కూర్చారు. అందులో ఒక సంగతి ఉంది. చూపులేని సంగీత విద్వాంసుడు ఇంటికొస్తే, ఆయన మెట్టు వచ్చినచోట మెట్టని, చాప దగ్గర చాపని చెప్పాడు. అంతా కూర్చున్నాక ఎవరెవరు ఎక్కడున్నారో కూడా చెప్పాడు. అంత పెద్ద పండితుడు చేసింది ఇంతే.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, నేను టికెట్ కౌంటర్లో మొహం చూడకుండా ఊరి పేరు మాత్రమే వినేవాణ్ణి. వెనక క్యూ అలాంటిది మరి. రిటైరయ్యాక ఇంట్లోనూ అదే అలవాటు. ఫోన్ చూస్తూ ఊఁ కొడుతుంటే మా ఆవిడ ఒకరోజు, "ఇంతకీ నేనేం చెప్పానండీ?" అంది. చెప్పలేకపోయాను. వాళ్ల చెల్లెలి ఆపరేషన్ సంగతి అది.

నిన్న రాత్రి ఫోన్ బోర్లాపెట్టి కూర్చున్నాను. గంటసేపు చెప్పింది. పొద్దున తిరిగి చెప్పబోతే ఒకచోట ఆగిపోయాను. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ గుర్తులేదు. అడిగాను. చెప్పింది.