రిమిని

రిమిని ఇటలీ తూర్పు తీరంలో, ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం. ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో అదే పేరు గల జిల్లాకు ముఖ్యపట్టణం. జనాభా సుమారు 1.5 లక్షలు. 15 కిలోమీటర్ల ఇసుక తీరం, బారులు తీరిన గొడుగులు, వాటి వెనక వందలాది హోటళ్లు: సెలవులకు వచ్చేవారు ఎరిగిన రిమిని ఇదే. ఈ రిమినికి రెండు వందల ఏళ్లు కూడా నిండలేదు. అసలు ఊరు రైలు పట్టాలకు అవతలి పక్కన ఉంది, దాని వయసు దాదాపు 2,300 ఏళ్లు. అన్ని శతాబ్దాలూ ఆ ఊరికి రేవుతో పనిపడింది గాని ఇసుకతో పడలేదు.

పట్టాలకు అవతలి ఊరు

క్రీ.పూ. 268లో రోమన్లు అరిమినుమ్ అనే పేరుతో ఇక్కడ వలస పట్టణం కట్టారు. రోమ్ నుంచి వచ్చే ఫ్లమీనియా రహదారి ఇక్కడ ముగుస్తుంది, వాయవ్యంగా పియచెంజా వైపు సాగే ఎమీలియా రహదారి ఇక్కడే మొదలవుతుంది. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ రూబికాన్ నది దాటి తన సేనతో వచ్చి చేరింది ఈ ఊరికే. ఒకప్పుడు సీజర్ పేరుతో ఉన్న నడిబొడ్డు కూడలిని ఇప్పుడు ముగ్గురు అమరుల కూడలి అంటారు. 1944 ఆగస్టులో అక్కడ ఉరితీసిన ముగ్గురు యువ ప్రతిఘటన యోధుల జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు.

ఫ్లమీనియా రహదారి ఊళ్లోకి వచ్చేచోట క్రీ.పూ. 27 నాటి ఆగస్టస్ తోరణం నిలిచి ఉంది. ద్వారం ఎంత వెడల్పంటే, తలుపులు బిగించే వీలే లేదు. యుద్ధాలు ముగిశాయి, ఇక తలుపులతో పనిలేదని చాటడానికే అలా కట్టారంటారు. మధ్యయుగాల్లో దాని నెత్తిన కోటగోడల పళ్లు పేర్చారు. ఆ ధీమా ఎన్నాళ్లు నిలిచిందో అవి చూస్తే తెలుస్తుంది. ఊరి రెండో కొసన ఉన్నది తైబీరియస్ వంతెన. అయిదు కమానుల ఈ తెల్లరాతి కట్టడాన్ని ఆగస్టస్ మొదలుపెట్టగా, క్రీ.శ. 21లో తైబీరియస్ పూర్తిచేశాడు.

1989లో ఒక తోటలో పనులు చేస్తుండగా క్రీ.శ. మూడో శతాబ్దంలో కాలిపోయిన ఒక ఇల్లు బయటపడింది. అందులో సుమారు 150 శస్త్రచికిత్స పరికరాలు దొరికాయి. దాన్ని ‘వైద్యుడి ఇల్లు’ అని పిలుస్తున్నారు.

పదిహేనో శతాబ్దంలో ఊరిని ఏలిన సిజిస్మొండో మలతెస్తా పాత ఫ్రాన్సిస్కన్ చర్చికి కొత్త రూపం ఇచ్చే పనిని వాస్తుశిల్పి లియోన్ బత్తిస్తా అల్బెర్తికి అప్పగించాడు. అల్బెర్తి ముఖద్వారానికి నమూనా కోసం దూరం వెళ్లలేదు, ఊళ్లోనే ఉన్న ఆగస్టస్ తోరణాన్ని చూసుకున్నాడు. ఇంతలో సిజిస్మొండోకి పోపు రెండో పయస్‌తో వైరం ముదిరింది. బతికుండగానే అతడు నరకానికి పోవాలని పోపు శపించాడు, 1462లో రోమ్‌లో అతని దిష్టిబొమ్మ తగలబెట్టించాడు. డబ్బూ అధికారమూ చేజారాక గుడిపని ఆగిపోయింది. అనుకున్న గుమ్మటం ఇప్పటికీ లేదు. లోపల జొత్తో గీసిన శిలువ, పియెరో డెల్లా ఫ్రాంచెస్కా గోడచిత్రం ఉన్నాయి.

ఉప్పునీటి వైద్యం

సముద్రతీరపు రిమిని 1843 జులైలో పుట్టింది. బల్దీని సోదరులు ఒక వైద్యుడి తోడ్పాటుతో అక్కడ స్నానశాల తెరిచారు. అప్పటికి ఈ ప్రాంతం పోపు పాలనలో ఉంది. సముద్రస్నానం సరదా కాదు, వైద్యం. ఎవరు ఎంతసేపు నీళ్లలో ఉండాలో చెప్పేది డాక్టర్లే. 1861లో రైలు వచ్చాక బొలోన్యా నుంచి రాకపోకలు తేలికయ్యాయి. ఆ రైలుమార్గమే ఊరికీ తీరానికీ మధ్య గీత గీసింది. 1908లో గ్రాండ్ హోటల్ తెరుచుకుంది. తెల్లటి ఆ భవనంపై ఉన్న రెండు గుమ్మటాలు 1920లో అగ్నికి ఆహుతయ్యాయి. ఆ రోజుల్లో రిమిని డబ్బున్నవారి విడిది.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ‘గోథిక్ రక్షణరేఖ’ తూర్పు కొసన ఉండడం ఊరి ప్రాణం మీదికి తెచ్చింది. దాదాపు 400 వైమానిక దాడులు జరిగాయి, కట్టడాల్లో అధికభాగం నేలమట్టమైంది. 1857లో వెర్డీ ‘అరోల్డో’ సంగీత నాటకంతో ప్రారంభమైన రంగశాల 1943 డిసెంబరులో కూలిపోయి, తిరిగి తెరుచుకోవడానికి 2018 దాకా ఆగింది. రోమన్ వంతెన మాత్రం నిలిచింది. 1944 సెప్టెంబరు 21న గ్రీకు దళం ఊళ్లోకి ప్రవేశించింది. చుట్టుపక్కల కొండల్లో నాలుగో భారత డివిజన్ పోరాడింది. సాన్ మరీనో వెళ్లే దారిలో గూర్ఖా యుద్ధ శ్మశానం ఉంది. హిందూ సైనికులను దహనం చేశారు కాబట్టి వారి పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కారు.

అమ్మ వంట, నాన్న గొడుగులు

శిథిలాల మీద లేచిన కొత్త రిమిని సామాన్యుల ఊరు. దాని అసలు ఘనత ఇదేనని చెప్పాలి. 1950లలో స్థానికులు సొంత ఇళ్లనే ‘పెన్సియోనె’ అనే చిన్న భోజన వసతి గృహాలుగా మార్చారు. సీజనులో ఉన్న మంచి గదులన్నీ అతిథులకిచ్చి ఇంటివాళ్లు ఇరుకులో సర్దుకున్నారు. వంటగది ‘అజ్దోరా’ చేతిలో ఉండేది. అజ్దోరా అంటే రొమాన్యా మాండలికంలో ఇంటి పెత్తనం చేసే ఇల్లాలు. మిలన్, తూరిన్ కార్మికులు, వెనకే జర్మన్లు కుటుంబాలతో సహా దిగారు. తీరాన్ని నంబర్లు వేసిన ముక్కలుగా పంచుకున్నారు, ఒక్కో ముక్కనీ ‘బాన్యో’ అంటారు. గొడుగులు పాతి, కుర్చీలు వేసే ‘బన్యీనో’ అక్కడి నిర్వాహకుడు. ఒకే కుటుంబం ఏటేటా ఒకే గొడుగు కింద కూర్చోవడం చాలామందికి ఆనవాయితీ. సముద్రం ఇక్కడ అందానికి పెట్టింది పేరు కాదు. నీలం తక్కువ, లోతు తక్కువ. పిల్లలున్నవారికి కావలసింది ఆ లోతు లేకపోవడమే.

తిండిలో ముందు చెప్పాల్సింది పియదీనా. గోధుమపిండిలో పందికొవ్వు కలిపి పెనం మీద కాల్చే పల్చని రొట్టె ఇది. మధ్యలో మెత్తని స్క్వక్వెరోనె జున్ను, ఆకుకూర, హామ్ పెట్టి మడుస్తారు. రిమిని పియదీనా చుట్టుపక్కల ఊళ్లవాటి కంటే పల్చగా, వెడల్పుగా ఉంటుంది.

1989 వేసవిలో ఏడ్రియాటిక్ నిండా నాచు జిగురు తేలింది, పర్యాటకులు ముఖం చాటేశారు. సముద్రమొక్కటే నమ్ముకుంటే లాభం లేదని అప్పుడు తేలింది. ఆ తర్వాత ఊరు వ్యాపార ప్రదర్శనలు, రాత్రి వినోదాలు, ఇన్నాళ్లూ పట్టించుకోని రోమన్ కట్టడాల వైపు మళ్లింది.

ఫెలీని రిమిని

దర్శకుడు ఫెదెరీకో ఫెలీని 1920 జనవరి 20న ఇక్కడ పుట్టాడు. ఆస్కార్ గెలిచిన ‘అమర్కోర్డ్’ (1973) అతని బాల్యపు ఊరి కథ. రొమాన్యా మాండలికంలో ఆ మాటకు ‘నాకు గుర్తుంది’ అని అర్థం. విచిత్రమేమిటంటే ఆ ఊరిని అతడు రిమినిలో చిత్రించలేదు, రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో కట్టించాడు. అందులో సముద్రం కూడా ప్లాస్టిక్‌దే. అతని సమాధి మాత్రం ఇక్కడే ఉంది, శిల్పి అర్నాల్దో పొమొదోరో దానికి ఓడ ముక్కు ఆకారం ఇచ్చాడు. 2021లో సిజిస్మొండో కోటలో ఫెలీని మ్యూజియం తెరిచారు.

సెప్టెంబరు దాటితే హోటళ్లు చాలావరకు మూతపడతాయి. గొడుగులు మడిచి దాచేస్తారు. చలికాలపు అలలు బాన్యోల గదుల దాకా రాకుండా బుల్డోజర్లతో ఇసుకను గట్టుగా పోస్తారు. సీజను మొదలయ్యే ముందు ఆ గట్టును మళ్లీ చదును చేస్తారు.