వెలివేయబడిన బిడ్డలు నేర్పిన పాఠము

మన వీధిబడులలో పంతులుగారు బిడ్డ వ్రేలు పట్టుకొని ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. నేటి శిశువిద్యాలయములలో గరుకుకాగితముతో చేసిన అక్షరములను పిల్లలు వ్రేలితో తడవుచుందురు. చూచుటకు దిద్దుట తోడైన గాని అక్షరము పట్టుబడదని ఈ రెండు పద్ధతులును తలచినవి. అయితే రెండవదానికి మూలము చురుకైన బిడ్డల చదువు కాదు. చదువు రాదని లోకము త్రోసివేసిన బిడ్డల కొఱకు కొందఱు పడిన పాటు. ఆ చరిత్రను నేడు మీకు మనవి చేయదలచితిమి.

1800 సంవత్సరారంభమున, ఫ్రాన్సు దేశమునందలి అవేరాన్ అడవులనుండి పండ్రెండేండ్ల ప్రాయము గల బాలుడొకడు బయటపడెను. వానికి మాట రాదు. మనుష్యుల నడుమ మెలగుట తెలియదు. ప్రఖ్యాత వైద్యుడు పినెల్ వానిని పరీక్షించి, ఈ బుద్ధి బాగుపడునది కాదని తేల్చెను. పారిసులోని బధిరుల విద్యాలయమున వైద్యుడైన ఇటార్ మాత్రము ఆ తీర్పునకు లొంగలేదు. విక్టర్ అని పేరిడి, సుమారు ఐదేండ్లు వానికి చదువు చెప్పెను. విక్టర్‌కు మాటలాడుట రాలేదు. కాని వ్రాసిన పదములు కొన్ని గుర్తింపగలిగెను. ఇటార్ దీనిని అపజయమనియే భావించెను. ఆయన శిష్యుడు సెగెన్ అట్లు భావింపలేదు. చేతికి, కంటికి, చెవికి క్రమముగా పని కల్పించు సాధనములను రూపొందించి, 1846లో ఒక గ్రంథము ప్రకటించెను.

అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, రోము నగరమున మరియా మాంటిసోరి అను యువ వైద్యురాలు ఆ గ్రంథమును చదివెను. పిచ్చివారి ఆస్పత్రులలో పెద్దలతోపాటు బంధింపబడిన పిల్లలను ఆమె కన్నులార చూచియుండెను. వారికి కావలసినది మందుకన్న ఎక్కువగా విద్య అని ఆమెకు తోచెను. 1900లో స్థాపితమైన పాఠశాలలో అట్టి పిల్లలకు చదువు చెప్పగా, వారిలో కొందఱు సామాన్య బాలురతో సమముగా పరీక్షలలో నెగ్గిరి. అందఱును అద్భుతమనిరి. ఆమెకు మాత్రము వేఱొక సందేహము కలిగెను: వీరే ఇంత సాధింపగా, ఆరోగ్యవంతులైన బిడ్డలను మన బడులు ఎంత వెనుక నిలుపుచున్నవో గదా!

ఆ సందేహమే 1907 జనవరి 6వ తేదీన, సాన్ లొరెంజో పేదవాడలో, తల్లిదండ్రులు కూలికి పోగా ఇంటివద్ద మిగిలిన పసివారికై శిశుగృహమై వెలసెను. 1939లో అడయారు దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు అరండేల్ ఆహ్వానముపై ఆమె చెన్నపట్టణమునకు వచ్చెను. ఆ నగరము నాడు మన ఆంధ్ర జిల్లాలకును రాజధాని. కొద్దినెలలకని వచ్చిన ఆమెను యుద్ధము 1946 వఱకు ఈ దేశముననే నిలిపివేసెను. తొలి శిక్షణకే సుమారు 300 మంది చేరిరి.

పద్ధతి లోకమంతట వ్యాపించెను. కాని ఎవరివలన అది పుట్టినదో ఆ బిడ్డను బడి మరచెను. పలుచోట్ల అది రుసుము చెల్లింపగల ఇండ్లవారి సొత్తయ్యెను. ఆ మరపును సరిదిద్దుటకు దేశములు మెల్లగా పూనుకొనినవి. ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టవలెననియు, వెనుకబడిన బిడ్డకు చేయూత నీయవలెననియు 1924 నాటి జెనీవా ప్రకటన పలికెను. నేర్చుట పుట్టుకతోనే ఆరంభమగునని 1990లో థాయిలాండునందలి జోంటియెన్ సభ ఒప్పుకొనెను. 1994 జూనులో స్పెయిన్ దేశపు సలమాంకా నగరమున 92 ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమై, ఏ వైకల్యము గల బిడ్డనైనను ఊరి బడియే చేర్చుకొనవలెననియు, ఆ తోడ్పాటు పసితనముననే మొదలు కావలెననియు తీర్మానించిరి.

ఇక మన సంగతి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన శిశు అభివృద్ధి పథకము నేడు అంగన్‌వాడీల రూపమున పల్లెపల్లెకు చేరినది. అయినను 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరవయేటనే ఆరంభమగును. వికలాంగుల హక్కులకై 2016లో చేసిన చట్టమును ఉచిత విద్యను ఆరవయేటి నుండియే హక్కుగా నిచ్చినది. ఆరేండ్లలోపు వారి విషయమున రాజ్యము ప్రయత్నింపవలెనని మాత్రమే మన రాజ్యాంగము చెప్పుచున్నది. చేయూత మిక్కిలి ఫలించు ఏండ్లు అవియే గదా!

చట్టము వచ్చువఱకు బిడ్డ వయస్సు ఆగదు. మాట ఆలస్యమైన బిడ్డ, నడక రాని బిడ్డ మన వీధిలో ఏ ఇంటనో ఉండును. సిగ్గుచేతనో, జాలిచేతనో ఆ బిడ్డను తలుపు చాటున ఉంచుదురు. పినెల్ తీర్పును ఇంటింట మనమే మరల చెప్పుకొనుచున్నాము. ఇటార్ వలె ఆ తీర్పునకు లొంగకుండుటకు వైద్యులమే కానక్కరలేదు. ఆ బిడ్డను చేయిపట్టి అంగన్‌వాడీకి తీసికొనిపోయి, తక్కిన పిల్లల నడుమ కూర్చుండబెట్టినను చాలును.